ఎరుపు తీసేసిన విండో

ఎరుపు చూస్తే కళ్లలో కారం పడ్డట్టుంటోందనే కదా విండో రంగు మార్చాను, తప్పేముంది అనుకుంటూ, ఆసుపత్రి కంప్యూటర్ గదిలో అతను ఎంటర్ మీద వేలు పెట్టాడు. వెనకాల సీనియర్ వచ్చి నిలబడింది.

“ఏం చెరిపేస్తున్నావు తమ్ముడూ?”

“పరీక్ష సర్వర్లో ఉత్తుత్తి రోగుల రికార్డులక్కా.”

“నిజం రోగులుండే అసలు సర్వర్ విండో ఎర్రగా ఉండాలి కదా. రెండూ నల్లగానే ఉన్నాయే?”

“పొద్దున ఒక కమాండ్ కొట్టి రంగు మార్చాను.”

“కళ్లకి చల్లగా ఉందా? మరి పరీక్షది ఏది?”

“ఎడమది.”

“ముందు తెరిచిందే ఎడమకొస్తుంది. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చాక ఏది ముందు తెరిచావు?”

అతను ఎంటర్ మీంచి వేలు తీశాడు.

“ఇంకా నొక్కలేదుగా?”

“ఇది రెండో వార్డక్కా.”

“మొదటిది?”

“అయిపోయింది.”

“పాత రంగు పెట్టు.”

అతను కమాండ్ కొట్టాడు. ఎడమ విండో ఎర్రబడింది. లేచి, కుర్చీ ఆమె వైపు జరిపాడు.