అసిరయ్య క్షేమం

(1968. తుపాను వెళ్ళిన ఏడో రోజు. భావనపాడుకు ఉత్తరాన ఒక పల్లెలో, పడిపోయిన పాక ముందు తవిటమ్మ, తుపాను సాయం గుమస్తా అనంతపద్మనాభం.)

"ముప్పైయొక్క ఇళ్ళకి ఒక్క బస్తాయేటి బాబూ? మనిసికి గుప్పెడు కూడా రాదు."

"నీ కోపం తరవాత చూద్దాం తవిటమ్మా. నేను బియ్యం పని మీద రాలేదు. తంతి వచ్చింది."

"ముందు బియ్యం సంగతి సెప్పు. ఈ మంచం మీద కూకోని నీ సేత్తోనే రాసినావు కదా లిస్టు."

"రాశాను. ఆఫీసుకెళ్ళి చూసుకుంటే ఏముంది, మైలపిల్లి అసిరయ్య, మైలపిల్లి అసిరయ్య, ముప్పైఒక్కసార్లు. ఒకడే అన్నిసార్లూ రాయించుకున్నాడనుకున్నాను. పేరు రెండోసారి వస్తే కొట్టెయ్యాలని రూలు. ముప్పై కొట్టేశాను."

"అసిరితల్లి ఊరు బాబూ ఇది. పెతి ఇంట్లోనూ పెద్దకొడుక్కి ఆ అమ్మోరి పేరే పెడతాం. ఊళ్ళో ఉన్న ఒక్కొక్క మొగోడూ నీ ముందరికొచ్చి నిలబడ్డాడు. నువ్వు సూణ్ణేదా?"

"రాసేటప్పుడు తలెత్తనమ్మా. తలెత్తితే వరస తప్పుతుంది."

"బాగున్నాది. సరే, ఆ తంతి ఏటి?"

"రాష్ట్ర సరిహద్దు దగ్గర సాయం శిబిరం నుంచి వచ్చింది. మీ పడవ ఒకటి తిరిగి రాలేదని రాయించావు కదా."

"రాయించినాను. మా ఆయన, మా సెల్లి జగ్గమ్మ మొగుడు, మా సిన్నమ్మ కొడుకు. ముగ్గురెల్లినారు. సదువు బాబూ, బేగి సదువు."

"అసిరయ్య క్షేమం. ఇంటివారికి తెలపండి."

"ఎవులు?"

"అదే అడుగుదామని వచ్చాను. మీ ఆయన పేరేమిటి?"

"మొగుడి పేరు నోటితో ఎలాగ సెప్తాను? ఇప్పుడు నువ్వు సదివినావు కదా, అదే."

"మరి జగ్గమ్మ మొగుడు?"

"అదే."

"మీ చిన్నమ్మ కొడుకు?"

"ఆ పేరు ఈ ఊళ్ళో ఎవుడికున్నా నాను అనకూడదు. ముప్పై మందినీ 'ఒరే' అనే పిలుస్తన్నాను."

"తండ్రుల పేర్లలో తేడా ఉంటుందేమో."

"ముగ్గురు తండ్రులూ పెద్దకొడుకులే బాబూ."

"రామరామ. తంతిలో ఇంకో ముక్క ఉంది. చదవనా వద్దా అని చూస్తున్నాను."

"సదువు, సదువు."

"మనిషి పూటకి మూడు భోజనాలు తింటున్నాడు. వెంటనే తీసుకుపోండి."

"మూడా?"

"మూడే. అక్కడివాళ్ళకి ఒళ్ళు మండినట్టుంది."

"అయితే జగ్గమ్మ మొగుడే."

"ఎలా చెప్తావు?"

"వాడు తినీది సూసి పెళ్ళిలో వంటోడు ఏడ్సినాడు. మా ఆయన నాలుగు ముద్దలకే సెయ్యి కడిగేస్తాడు. ఎంత బతిమాలినా అయిదో ముద్ద ముట్టడు."

"తవిటమ్మా..."

"నా సెల్లి మొగుడు బతికినాడు. నాకు సంతోసమే. సంతోసమే బాబూ. ఉండు, దాన్ని పిలిసి సెప్తాను."

"ఏడవకమ్మా."

"ఏడవట్నేదు. అయిదో ముద్ద తినడని రోజూ తిట్టీదాన్ని. అదే గేపకమొచ్చినాది."

"ఏ అసిరయ్యో రాయమని మళ్ళీ తంతి కొడతాను. కాని తీగలు నిన్న మళ్ళీ తెగాయి. నాలుగు రోజులు పడుతుంది."

"నాలుగు రోజులు నానెలాగుండాల? ఆ రాసినోడికి కళ్ళు నేవా? సెవికి పోగుందో, కాలు కుంటో, ఒక్క గుర్తు రాస్తే వాడి సొమ్మేటి పోయింది?"

"ఆ శిబిరంలో రాసేది వేంకటాచలం గారు, ఆయన్ని అలా అనకు. సాయం లిస్టు ఎలా రాయాలో నాకు నేర్పిందే ఆయన. అచ్చం నాలాగే రాస్తారు."

"నీలాగేనా?"

"పొల్లు పోదు."

"తలెత్తకుండానా?"

"తలెత్తితే వరస తప్పుతుందని చెప్పిందే ఆయన."

"పేరు రెండోసారి వస్తే?"

"కొట్టేస్తారు."

"మూడోసారొస్తే?"

"అదీ కొట్టే... ఆగు. ఆగాగు తవిటమ్మా."

"ఒసే జగ్గా, సిన్నమ్మని తీసుకుని బేగి రాయే. ముగ్గురికీ కూడెట్టి, ఒక్కడని రాసినాడే ఆ సచ్చినోడు!"