జవాబు ఫారం

"తాతా, పాత టెలిగ్రాములన్నీ భద్రంగా దాచినావు గదా, ఇదొక్కటే చిరిగిన ఖాళీ కవరెందుకు?" అని అడిగినా. దావీదు తాత టెలిగ్రాములు పంచే పని చేసి రిటైరైనాడు. ముత్తుకూరులో మా పక్కిల్లే. ఇట్ట చెప్పుకొచ్చినాడు:

ఆఁ... అదా. ఇట్టియ్యి. గట్టిగా పట్టుకోమాక, పొడైపోద్ది. ఇయ్యన్నీ తెల్లోళ్ళ కాలంనాటివబ్బయ్యా. ఈ ఫారం మీద కిరీటం జూడు. పాత కాగితాల అంగట్లో గోతాలు గుమ్మరించి ఏరినా. కిలో రూపాయన్నర... కాదు, రెండనుకుంటా. మీ అవ్వ తిట్టేది, ఊరోళ్ళ చావు కాగితాలన్నీ ఇంట్లో పెట్టినావని. ఆమె తప్పేముందిలే. ఆ రోజుల్లో టెలిగ్రామంటే చావు కబురే అనుకునేవాళ్ళు. నేను సైకిలు దిగకముందే ఏడుపులు మొదలయ్యేవి. 'మంచి కబురేమ్మా, పిల్లోడు పాసైనాడు' అని నేను అరస్తా ఉంటే ఎవురు వినేది!

ఏం చెప్తా ఉండా? ఆఁ, ఈ కవరు. ఇది దొరవారిసత్రం అవతల, పులికాట్ సరస్సు ఒడ్డున, చేపలోళ్ళ పాళెంలో పోలమ్మని ఒక ముసలామె దగ్గిర దొరికింది. వాళ్ళ తాత తమ్ముడు రంగూనుకి కూలికి పోయినాడంట. కొన్నాళ్ళకి టెలిగ్రామొచ్చింది. ఆ పిల్లోడి అమ్మ చూడంగానే కూలబడింది. ఎవుర్నీ చించనియ్యలా. 'చించితే నిజమైపోద్ది' అనిందంట. ఆ పిల్లోడి సంగతి మళ్ళా తెలీలా. చివరికి దినం చేసేసినారు. అప్పట్నించీ ఏటేటా పెద్దలకి బట్టలు పెట్టేటప్పుడు, ఈ కవరుకి పసుపు రాసి, కొత్త పంచె దీని ముందర పెడతా వచ్చినారు. అదో, ఆ మరక పసుపే. మా చర్చీవాళ్ళకి అట్టాంటిది లేదు గానీ, నాకు మనసు ఒకరకంగా అయిపోయింది.

అబద్ధమెందుకు, ఆశ కూడా పుట్టింది. అంత పాతది, ఎవురూ చించని కవరు! నా జన్మలో చూళ్ళా.

"నాకిస్తావామ్మా?" అన్నా.

"తీసుకోబ్బయ్యా, నా తర్వాత ఎవురు పెడతారు దీనికి. ఎట్ట పోయినాడని రాసుండాదో అదొక్కటి చదివి చెప్పిపో" అనింది.

నేనేం చేసినాననుకున్నావు? 'తీస్తే పొడైపోద్దమ్మా' అని చెప్పి, సంచిలో పెట్టుకోని బస్సెక్కినా. నాయుడుపేట దాకా వచ్చినా. బతుకంతా ఇంటింటికీ టెలిగ్రాం ఇచ్చినోణ్ణి, ఒకరి టెలిగ్రాం ఎత్తుకోని పోతా ఉండానే అనిపించింది. దిగి, ఎదురు బస్సెక్కినా.

ఆయమ్మ చేపలు ఎండేస్తా ఉండాది. ఆమె ముందరే చించినా. ఇంగ్లీషులో మూడు ముక్కలు. 'క్షేమంగా చేరినా. అమ్మ ఎట్టుంది. జవాబియ్యండి.' దాంతోపాటు మడిచి ఇంకో కాగితం, ఖాళీది. జవాబు ఫారం. మనం రాసిస్తే చాలు, దాని ఖర్చు ఆ పిల్లోడే అక్కడ కట్టేసినాడు.

పోలమ్మ నవ్వింది. "బతికున్నోడికా బట్టలు పెట్టింది! ఎన్ని పంచెలబ్బయ్యా!" అని నవ్వీ నవ్వీ... కండ్లు తుడుచుకోని, "అయితే జవాబు కోసరం చూసుంటాడు గదా" అనింది.

ఆ ఖాళీ ఫారం నా ముందుకి జరిపింది.

"రాయి" అనింది.

అట్టాంటి ఖాళీ ఫారం నాకు మళ్ళా దొరకదు, నువ్వు నమ్ము. అయినా రాసినా, తెలుగులోనే, ఆమె చెప్పింది చెప్పినట్టు. 'అందింది. మీ అమ్మ నీ కోసరమే చూసింది.'

ఆ కాగితాలు ఆమెకే ఇచ్చేసినా. నాకీ చిరిగిన కవరు చాలు. దీన్ని చూసి ఎవురన్నా నవ్వితే నవ్వుకోనీ...

నీ ఫోను ఇందాకట్నించీ మోగతా ఉండాది. మీ అమ్మేనా? ఎత్తు నాయనా. నా ముచ్చట్లు యాడికి పోతాయి. దేవుడు నిన్ను చల్లగా... ముందు ఎత్తబ్బయ్యా.