నేను తీసిన చప్పుళ్ళు

ఈ మాట ఇంతవరకు పైకి అనలేదు. చప్పుళ్ళు తీసి బతికేదాన్ని, నాకు చప్పుడు లేని చోటంటే భయం.

నా పని ఇదీ. ఎవరెవరో రికార్డు చేసుకున్న క్లాసులు, పెళ్ళి వీడియోలు నాకు పంపుతారు. వాటిలో ఫ్యాను గుయ్యిమనేది, కుక్క మొరిగేది, బళ్ళ హారన్లు, అన్నీ లాప్‌టాప్ ముందు కూర్చుని బియ్యంలో రాళ్ళలాగ ఏరేస్తాను. కొన్నిటికి నా గొంతు కూడా ఇస్తాను. ఎవరూ నేర్పలేదు, వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఆఫీసు లేదు, ఆఫీసరు లేడు. క్యాంప్ 1 బస్తీలో మా ఇంటి వెనకగది, దానికో కిటికీ, అంతే. ఉక్కు ప్లాంటులో పట్టాలు చేసే రైల్ మిల్లులో పనిచేసి రిటైరైన మా నాన్న దాన్ని నా ముందు ఎప్పుడూ డ్యూటీ అనలేదు. "గేటు లేంది డ్యూటీ ఏటే?" అంటారు.

పోయిన వారం రాయ్‌పూర్ వెళ్ళాను. నాలాంటి పనే చేసే సుప్రియ అక్కడ ఫ్లాట్ తీసుకుంది. గోడలకి ఫోమ్ కొట్టిన గది ఒకటి నాకిస్తానంది. లోపలికెళ్ళి తలుపేసుకుని నిలబడ్డాను. ఏమీ వినపడలేదు. నా గుటక నాకే వినపడింది. బయటికొచ్చి "మస్త్ ఉంది యార్" అన్నాను. ఇవాళ సాయంత్రంలోగా ఫోన్ చేసి వస్తానో రానో చెప్పాలి, లేకపోతే ఆ గది ఇంకొకరికి ఇచ్చేస్తుంది. పొద్దున్నుంచీ ఫోన్ తీస్తున్నాను, పెడుతున్నాను.

చివరికి ముందు నాన్నతో చెబుదామని టీ గ్లాసు పట్టుకుని అరుగు మీదికొచ్చాను. నాన్న పక్కన, గోడ అవతలింటి నూకరత్నం అత్త వెల్లుల్లి ఒలుస్తోంది. ఎదురింటి సతీష్ భయ్యా, పవర్ హౌస్ స్టాండులో ఆటో తోలేవాడు, సీటు తుడుస్తున్నాడు. వెళ్ళిపోతున్నానని నోరు తెరిచాను. వేరేది వచ్చింది.

"కుక్కర్ విజిల్ తీసీగలను నేను, తెలుసా?"

"దాందేటుందే, పొయ్యి మీంచి దించీడమే గదా," అంది అత్త.

"అలాగ కాదత్తా, వీడియోలోంచి! ఒక హిస్టరీ సారు, పాపం ఇంట్లోనే క్లాసు రికార్డు చేసుకున్నాడు, ఆయన రాజు పేరెత్తినప్పుడల్లా వెనక వంటింట్లో కుక్కరు కూత, రాజుకి సలాం కొట్టినట్టే. నేను కూర్చుని ఒక్కో విజిలూ పట్టుకుని పీకీసాను, ఎంత శుభ్రంగా పీకీసానంటే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? సారు నుంచి ఫోను. 'బేటీ, ఇంట్లో పప్పు ఉడకట్లేదు' అని. విజిల్స్ నా దగ్గరుండిపోయాయి గదా, పప్పెలా ఉడుకుద్ది! రెండు విజిల్స్ మెయిల్లో వెనక్కి పంపాను, అప్పుడు ఉడికింది. కాస్త పలుకుందట."

"మూడు పంపాల్సింది," అన్నారు నాన్న, టీ ఊదుకుంటూ.

ఆ ఒక్క మాటతో నాకు రెక్కలొచ్చాయి.

"అది చిన్నది నాన్నా. దుర్గ్‌లో పెళ్ళి వీడియో వచ్చింది, ధుమాల్ డోళ్ళ బ్యాండు దుమ్ము లేపుతోంది, పంతులు నోరు కదుపుతున్నాడు గాని మంత్రం ఒక్కటీ వినపడదు, చూస్తే పకోడీ నముల్తున్నట్టుంది. బ్యాండు మొత్తం లాగీసాను. మర్నాడు పొద్దున్నే మన గుమ్మంలో బ్యాండు మాస్టరు, మెడలో డోలు. కొడతాడు, చప్పుడు లేదు. కొడతాడు, లేదు. ఏడుపొకటే తక్కువ. 'దీదీ, నా డోలు చప్పుడు నాకిచ్చీయండి, రేపు బరాత్ ఉంది' అంటాడు. సరే అని రీసైకిల్ బిన్‌లో చెయ్యి పెట్టి వెతికి, తొందర్లో పక్కది ఇచ్చీసాను. ఏమిచ్చానో తెలుసా?"

"ఏటిచ్చావు?" అత్త చేతిలో వెల్లుల్లి ఆగిపోయింది.

"హిస్టరీ సారు గొంతు! మర్నాడు బరాత్‌లో ఒక్క దెబ్బ కొట్టగానే డోలు అంటుందీ, 'పిల్లలూ, ఇది పరీక్షలో వస్తుంది, రాసుకోండి!' పెళ్ళికొడుకు గుర్రం దిగి పెన్ను అడిగాడు."

సతీష్ భయ్యా గుడ్డ పడేసి నవ్వాడు. "అరే, నేను దుర్గ్ రోజూ ఎల్తాను, నాకు తెలీకుండా ఎప్పుడు జరిగిందిది?"

"నువ్వు పాసింజరుతో బేరమాడుతున్నావు భయ్యా, నీకెలా వినపడుద్ది? అసలు నీ ఆటోలోనే గదా కుమ్హారి వెళ్ళాను!"

"నా ఆటోలోనా?"

"మరి? తీసిన చప్పుళ్ళన్నీ పోగుపడిపోయి లాప్‌టాప్ ఉబ్బిపోయింది, టేబులు కాళ్ళు నేల్లోకి దిగిపోయాయి, గూడ్సు బండి చప్పుడొకటుంది అందులో, మాటలా! అది తీసినప్పుడు గార్డు పాపం బండి ఆగిందనుకుని పవర్ హౌస్ స్టేషన్లో దిగి సమోసా తింటున్నాడు, బండి చెప్పకుండా వెళ్ళిపోయింది. ఇంక ఇంట్లో ఉంచకూడదని, నువ్వు నిద్రపోతుంటే తాళం తీసుకుని ఆటోలో వేసుకుని కుమ్హారి దాటి పొలాల్లో మూత తీసాను. ముందు విజిల్స్, వెనక డోళ్ళు, ఆ వెనక గూడ్సు బండి, డెబ్బై డబ్బాలు, వరసగా! ఊరు ఊరంతా అక్షింతలు పట్టుకుని రోడ్డు మీదికొచ్చీసింది. గేదెలు ఎగిరాయి భయ్యా, మా కసమ్, అమ్మతోడు. పాలకి బదులు మజ్జిగ ఇచ్చాయి."

"అందుకే నా బండి మైలేజి పడిపోయింది," అన్నాడు సతీష్ భయ్యా, గంభీరంగా.

నాన్న చెవి రుద్దుకున్నారు. "ఇన్ని తీసావు గదా. నా చెవిలో ఇంకా మిల్లు మోగుతాది. అది తియ్యి చూద్దాం."

"అది తీస్తే నీకు నిద్ర పట్టదు నాన్నా."

అన్నాక నాకే ఎక్కడో తగిలింది. ఆగితే ఇంక మాట రాదని ఇంకా పైకెక్కాను.

"అవన్నీ ఒకెత్తు. రోజూ మధ్యాహ్నం నా గొంతు రికార్డు చేసీటప్పుడు చూడాలి మీరు. ఎర్ర బటనుంది, ఇలా నొక్కుతాను. అంతే! వీధి వీధంతా బంద్. అత్త మిక్సీ నోరు మూసుద్ది. టీవీలు గుసగుసలాడతాయి. కూరలవాడు నోరు తెరుస్తాడు, ఆలూ లేదు, టమాటర్ లేదు, గాలి వస్తుంది. ఆటో వస్తుంది, ఇంజిన్ చప్పుడుండదు, హంసలాగ తేలుతూ వస్తుంది! కాకి కూడా ముక్కు తెరిచి మూసేసుకుంటుంది. ఇంత పవరు వేలి కొసనున్న మనిషి, ఈ ఇరుకు సందులో ఎన్నాళ్ళని ఉంటాది చెప్పండి? రాయ్‌పూర్ వాళ్ళు పిలిచారు. గది ఇస్తున్నారు. వెళ్ళిపోదామనుకుంటన్నాను."

చెప్పేసాను. అబద్ధాల మధ్య పెట్టి నిజం చెప్పేసాను.

ఎవరూ నవ్వలేదు. నూకరత్నం అత్త వెల్లుల్లి పొట్టు ఒళ్ళోంచి దులుపుకుంది.

"ఒలే ఇంద్రాణీ, ఆ బటను నొక్కీముందు ఏటి సేస్తావు?"

"ఏమీ చెయ్యను."

"కిటికీ ఎయ్యవా? దడ్డుమని?"

"వేస్తాను. అయితే?"

"ఆ దడ్డు ఇంటే నాను మిక్సీ ఆపీస్తాను. చట్నీ సగంలో ఉన్నా సరే. మా ఇంటాయన టీవీ గొంతు నొక్కీస్తాను. పగటేల కిటికీ ఏసుందంటే ఆ ఇంట్లో నైట్ డ్యూటీ సేసొచ్చిన మనిషి ఉన్నట్టు గదే, సప్పుడు సెయ్యకూడదు. మీ నాయిన నైట్ షిఫ్టు సేసొచ్చి పడుకుంటే, నువ్వు ఏడుపు మొదలెట్టగానే నోట్లో బిస్కట్టు పెట్టి మా ఇంటికెత్తుకుపోయీదాన్ని. ఇప్పుడు నీకూ అదే. నీ బటనూ లేదు, గిటనూ లేదు."

నేను సతీష్ భయ్యా వైపు చూసాను. ఆయన ఆటో వైపు చూసాడు.

"నీ కిటికీ ఏసుంటే సందు మొదట్లోనే ఇంజిన్ ఆపీసి తోసుకొస్తాను," అన్నాడు. "హంస అంట. నా నడుం అడుగు, హంసో కాదో చెప్తాది."

"మరి... కూరలవాడు?"

నాన్న ఖాళీ గ్లాసులోకి చూస్తూ అన్నారు. "వాడికి నేనే చెప్పాను అరవొద్దని. బేటీ డ్యూటీ పే హై, చిల్లానా మత్, అని."

డ్యూటీ. నా ముందు కాదు, నా వెనక, కూరల బండి దగ్గర, ఎన్నాళ్ళ నుంచి అంటున్నారో ఆ మాట.

కోతలన్నీ ఒక్కసారి అయిపోయాయి. అయినా అడిగాను, "కాకి?"

అత్త కాసేపు నిజాయితీగా ఆలోచించింది. "కాకి సంగతి మాకు తెల్దు. అది నీదే గావాల."

అప్పుడు నవ్వారు ముగ్గురూ. నేనూ నవ్వాను, ఏడిచినట్టే ఉండుంటుంది. అత్త లేచి, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"ఆ రాయ్‌పూర్ గదికి కిటికీ ఉందా?"

"లేదత్తా."

"మరి డ్యూటీలో ఉన్నావని ఎవలికి తెలుస్తాది?" అని లోపలికెళ్ళిపోయింది. మరుక్షణం గోడ అవతల మిక్సీ మొదలైంది, మధ్యాహ్నం సగంలో ఆపిన చట్నీ కాబోలు, గోడ అదిరిపోయేలా.

నేను వెనకగదిలోకి వచ్చాను. అలవాటు కొద్దీ చెయ్యి కిటికీ మీదికి వెళ్ళింది. తీసేసాను. వెయ్యను. సందులో సతీష్ భయ్యా ఆటో స్టార్టు చేస్తున్నాడు, నాన్న దగ్గుతూ ఎవరి మీదో అరుస్తున్నారు, మిక్సీ ఇంకా ఆగలేదు. సుప్రియకి ఇప్పుడే ఫోన్ చేస్తాను, ఆ గది ఇంకొకరికి ఇచ్చెయ్యమని చెప్తాను. వెనక ఏంటా గోల అని అడుగుతుంది. అడగనీ. తియ్యను.