నంబర్ లేని వెబ్‌సైట్

శంషాబాద్ ఎయిర్‌పోర్టు కార్గో గేటు బయట బద్రుద్దీన్ అంబులెన్స్ ఆగి ఉంది. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల శవపేటికలను ఊళ్లకు చేర్చడం అతని పని. వెబ్‌సైట్లు తయారుచేసే ప్రియదర్శిని అతన్ని కలవడానికి బడంగ్‌పేట్ నుంచి వచ్చింది.

"పెట్టె దిగిందా, బండి యాడిదాంక వచ్చింది, అన్నీ వెబ్‌సైట్‌ల కనబడాలె మేడం."

"చేస్తనన్నా. పైన మీ ఫోన్ నంబర్ పెద్దగ పెడ్త."

"నంబర్ వద్దు."

"నంబర్ లేకుంటే గిరాకి ఎట్లొస్తదన్నా?"

"గిరాకి కోసం కాదు. ఫోన్ ఎత్తలేకనే చేయించుకుంటున్న."

"గంతగనం ఏమడుగుతరు?"

"యాడున్నవంటే చెప్పొచ్చు. మొన్న ఒక తల్లి, బండి జర నిమ్మలంగ నడుపు బిడ్డా, మావానికి చిన్నప్పటి సంది కుదుపులు పడవు అన్నది."

"మీరేమన్నరు?"

"మెల్లగనే తెస్తున్ననమ్మా అన్న. ఫోన్ పెట్టేసి, బండి పక్కకాపి ఏడ్చిన. ఇగ నాతోని కాదు."

ప్రియదర్శిని ల్యాప్‌టాప్ మీంచి చేతులు తీసేసింది.

"మరి ఆ తల్లి గా మాట ఎవరికి చెప్పుకోవాలన్నా?"

అతనికి చటుక్కున కోపం వచ్చింది. ఆమె అడిగినందుకు కాదు, తనకూ అదే అనుమానం ఉన్నందుకు.

"నాకైతే చెప్పొద్దు. మీరు చేస్తరా, చెయ్యరా?"

"చేస్త."

అతని జేబులో ఫోన్ మోగింది.

"ఎత్తకండన్నా, పోనీ," అంది ఆమె మెల్లగా.

మోగి మోగి ఆగింది. మళ్లీ మొదలైంది. అతను గేటు వైపు చూస్తూ ఫోన్ చెవికి పెట్టుకున్నాడు.

"ఆఁ అమ్మా... పెట్టె ఇంకా బయటికి తేలే. లేదమ్మా, మీవాడు ఒంటరిగ లేడు. గేటు కాడ నేనున్న."