ఏడే విన్నానన్న సిస్టరు గారు

1991వ సంవత్సరం జూన్ మూడవ తేదీన మా ఆసుపత్రి ఆపరేషన్ థియేటరులో నర్సుగా అడుగుపెట్టిన పెద్ద సిస్టరు గారు, ముప్పైనాలుగేళ్ల అవిచ్ఛిన్న సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. పరికరాలకు ఆవిరి పట్టి శుద్ధిచేసే గదిలో పనిచేసే నన్ను నాలుగు మాటలు రాయమన్నారు. మాటలు నాకు తక్కువ, చూసింది రాస్తాను.

వారు చేరిన నాటికి వెన్ను విరిగినవారిని నెలల తరబడి పిండికట్టులో పడుకోబెట్టేవారు. తరువాత కొక్కేలతో ఉక్కు కడ్డీలు, ఆపై టైటానియం స్క్రూలు వచ్చాయి. ప్రతి మార్పునూ వారు ముందుగా అభ్యసించి, విసుగెరుగక మాకు బోధించారు.

వెన్నుపూసల్లో దించిన స్క్రూల తలల మీదుగా కడ్డీ అమర్చి, ఒక్కొక్క తలపై చిన్న మూత బిగిస్తారు. బిగువు సరిపోగానే తిప్పే పిడి టక్కుమంటుంది. ఆ టక్కులు లెక్క తేలనిదే సిస్టరు గారు కుట్టుసూది అందించేవారు కారు. నిచ్చెన మీదినుంచి పడ్డ ఒక రంగులేసే యువకుని ఆపరేషన్‌నాడు ట్రే పట్టుకుని నేను గుమ్మంలోనే ఉన్నాను.

"ఎనిమిదీ అయ్యాయి, సూది ఇవ్వండి" అన్నారు డాక్టరు గారు.

"ఏడే విన్నాను సార్."

"మీ చెవులకు వయసొచ్చిందమ్మా."

"అందుకే సార్, నాకోసం ఇంకోసారి తిప్పండి."

ఆరో మూత అరచుట్టు తిరిగి, అప్పుడు టక్కుమంది. సిస్టరు గారు సూది అందించారు.

పై నెల ఆరవ తేదీన నా భార్యకు అదే ఆపరేషన్. పూస జారి, ఎడమకాలు మొద్దుబారుతోంది. "పెద్ద సిస్టరు లేకపోతే ఆ బల్ల ఎక్కను" అని భీష్మించుకుంది. ఆలస్యమైతే కాలు దక్కదని డాక్టరు గారి హెచ్చరిక. ఉండబట్టలేక సిస్టరు గారినే అడిగాను.

"ఆ ఒక్కరోజు రారాదా అక్కా?"

"రానిచ్చినా రాను తమ్ముడూ. నేనుంటే, నా చోటికొచ్చే చిన్న సిస్టరు నా మొహం చూస్తుంది, టక్కులకు చెవి పెట్టదు."

నిన్నటి ఆపరేషన్‌లో వారు చేతులు కట్టుకుని గోడవారగా నిలబడ్డారు. చివర్లో చిన్న సిస్టరు సూది ఇవ్వకుండా, "సార్, అయిదే విన్నాను" అంది. డాక్టరు గారు ఆరింటినీ మళ్లీ తిప్పి చూశారు. అన్నీ బిగువుగానే ఉన్నాయి. ఆ అమ్మాయి తల దించుకుంది.

"తప్పు విన్నావులే. అడిగావు, అది చాలు" అన్నారు పెద్ద సిస్టరు గారు.

ఇంటికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. మా ఆవిడ కాసేపు కాలు నిమురుకుని, "అయితే ఆరో తేదీకే సరేనను" అంది.

సిస్టరు గారు తమ వెన్నుకు ఏ స్క్రూ అవసరమూ రాకుండా, సంపూర్ణారోగ్యంతో, సకుటుంబంగా చిరకాలం జీవించాలని మనసారా కోరుకుంటున్నాను. ఆరో తేదీన మాత్రం ఫోను దగ్గరే ఉండవలసిందిగా మనవి.