ఇదే మైకులో

ఆరాధన ముగిసింది. చర్చి వెనకగదిలో తన తోటికోడలు కుర్చీలు సర్దుతుంటే, పాటల బృందం పెద్దావిడ మైకును గుండెకు హత్తుకుని నిలబడింది. ఆమెకు ఒళ్ళు మండిపోతోంది.

“పెళ్ళై వచ్చిన నాటినుంచీ నేనెత్తుకునే పాట! నిన్నగాక మొన్నొచ్చిన పిల్ల ఎత్తుకుంటుందా?”

“గొంతు జీరబోతోంది, ఇక వెనక కూర్చుని పాడమని పాస్టర్‌గారు నెమ్మదిగానే చెప్పారు కదక్కా.”

“తడిగుడ్డతో గొంతు కోసినట్టు చెప్పారు! దేవుడు చెబితే తల వంచుతాను. మధ్యలో ఈయనెవరు?”

“పోయిన ఆదివారం సాక్ష్యంలో ఏమన్నావు?”

“‘నాదంటూ ఏమీ లేదు ప్రభువా, ఏదడిగినా ఇస్తాను’ అన్నాను. అయితే ఏంటట?”

“ఇదే మైకులో అన్నావు.”

“అన్నాను! ఇప్పుడూ అంటాను. ప్రాణం అడిగినా మారుమాట లేకుండా ఇచ్చేస్తాను!”

“ప్రభువు ప్రాణం అడగలేదక్కా. మైకు అడిగాడు.”