చివరి పది నిమిషాలు

మిట్టమధ్యాహ్నం, కొడకండ్ల బస్టాండులో కూర్చున్న విశ్రాంత సైన్సు ఉపాధ్యాయుణ్ణి వెతుక్కుంటూ ఒక ఆటోడ్రైవరు వచ్చాడు.

“సార్, ఆ హత్యల సినిమా చూసిన్రా?”

“చూసిన. పిల్లలు చచ్చిపోతుంటే మంత్రగత్తె అని ముసలమ్మను ఊరంతా కొట్టి చంపుతది. పిల్లలకు విషం పెట్టింది ఎరువుల దుకాణపాయన అని చివరి పది నిమిషాలల్ల తేలుతది.”

“ముసలమ్మను చంపే సీనుకు థియేటర్ల ఈలలే ఈలలు సార్. మావోళ్ల ఫోన్లల్ల గా ముక్కొక్కటే తిరుగుతున్నది.”

“చివరిదాకా చూడుమని చెప్పరాదు?”

“చూసిన్రు సార్. కేసులైతయని భయపడి సినిమావోళ్లు గా చివరిది అతికించిన్రట. అసలు కథ ముందటిదేనట.”

“ఏం ఆధారంతోని అంటున్రు?”

“మా వాడల మొన్న ఇద్దరు పిల్లలకు వాంతులైనయి. పక్కిల్లు సత్తెమ్మవ్వది.”

“నీళ్ల ట్యాంకు కడిగి ఎన్ని రోజులైంది?”

“గదెవరడిగిన్రు సార్? పొద్దున అవ్వ ఇంటికి బయట గొళ్లెం పెట్టిన్రు.”

“ఆమె లోపలున్నదా?”

“ఉన్నది. తలుపు కొడుతున్నది.”

“ఎదురింట్లనే ఉంటవు. నువ్వెందుకు తియ్యలే?”

“ఎట్ల తియ్యాలె సార్? తీసెటోడు ఎవడా అని అందరు ఫోన్లెత్తి పట్టుకొని నిలబడ్డరు.”